చేప నిలబడే చోటు

గుషైనీ ఊరు దాటగానే తీర్థన్ నది ఒక మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో, సగం నీళ్లలో మునిగిన తెల్ల బండ ఒకటుంది. "దాని వెనకే ఉంది సాబ్, మోకాలి లోతులో" అని మా గైడు అప్పటికి నాలుగోసారి చెప్పాడు. నురగ, గులకరాళ్లు, నీటి మీద వణుకుతున్న ఎండ తప్ప నాకేమీ కనపడలేదు. చివరికి తన పోలరాయిడ్ కళ్లద్దాలు తీసి నా చేతిలో పెట్టాడు. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుగు చాలావరకు ఒకే తలంలో, అడ్డంగా కంపిస్తుంది. ఆ అద్దాలు దాన్ని ఆపేస్తాయి. పెట్టుకున్న మరుక్షణం మెరుపు పోయి నది అడుగు తేటపడింది. అప్పుడు కూడా ముందు కనపడింది చేప కాదు, ఇసుక మీద దాని నీడ. నీడ వెంట చూపు పైకి తీసుకెళ్తే, మూరెడు పొడవున్న బ్రౌన్ ట్రౌట్. తల ఏటి ఎగువకు పెట్టి, తోక కొద్దిగా ఆడిస్తూ, గాలిలో వేలాడదీసినట్టు ఉన్నచోటే ఉంది.

హైదరాబాద్ ఎండల నుంచి నాలుగు రోజులు తప్పించుకుందామని ఏప్రిల్‌లో వెళ్లిన ప్రయాణం ఇది. ఢిల్లీ నుంచి రాత్రి బస్సులో హిమాచల్‌లోని ఔట్ దగ్గర దిగి, బంజార్ మీదుగా తీర్థన్ లోయలోకి వెళ్లాం. మత్స్యశాఖ పర్మిట్ తీసుకుని గాలం వేయడం నేర్చుకుందామన్నది సరదా. కానీ మొదటి రోజు ఆ బండ వెనక చేపను చూశాక నా మనసంతా ఒకే ప్రశ్న మీదికి పోయింది. ఇంత నది ఉండగా అది సరిగ్గా అక్కడే ఎందుకు నిలబడింది?

గోదావరి మీద ఏటికి ఎదురు పడవ నడిపేవాళ్లకు సగం జవాబు తెలుసు. నడిమధ్యన వేగం ఎక్కువ, ఒడ్డువార తక్కువ. అడ్డం వచ్చిన ప్రతి బండ వెనకా నీరు నెమ్మదిస్తుంది. ట్రౌట్ చేసేది కూడా అదే. జోరున పారే నీటిలో నిలబడాలంటే ప్రతి క్షణం ఈదాలి, ఈదితే ఒంట్లో శక్తి ఖర్చు. బండ వెనక నిలబడితే ఆ ఖర్చు తగ్గుతుంది. పక్కనే చేతికందే దూరంలో వేగంగా పోయే పాయ ఉంటుంది కాబట్టి అది మోసుకొచ్చే పురుగులూ దక్కుతాయి. రాబడి ఎక్కువ, ఖర్చు తక్కువ ఉండే చోటు అది.

మిగతా సగం జవాబు ప్రయోగశాలలో దొరికింది. బండ వెనక నీరు ఊరికే నెమ్మదించదు. ఎడమ పక్కన ఒకటి, కుడి పక్కన ఒకటి చొప్పున సుడులు విడివడి వరసగా దిగువకు సాగుతుంటాయి. థియొడోర్ వాన్ కార్మాన్ పేరు మీద భౌతికశాస్త్రంలో వీటిని కార్మాన్ సుడుల వరస అంటారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ లియావో, జార్జ్ లాడర్ తదితరులు ప్రవహించే నీటి తొట్టెలో ఒక స్తంభం నిలబెట్టి, దాని వెనక రెయిన్‌బో ట్రౌట్‌లను ఈదించి, వాటి కండరాల్లో కలిగే విద్యుత్ సంకేతాలను కొలిచారు. 2003లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, సుడుల మధ్య చేప ఒళ్లంతా అటూ ఇటూ ఊగుతుంది కానీ కండరాలు చాలావరకు విశ్రాంతిలోనే ఉంటాయి. తల దగ్గరి కండరాలు మాత్రం కాస్త పనిచేస్తాయి. అంటే ఆ ఊపు చేపది కాదు, నీటిది. ఒక్కో సుడి వచ్చి నెడుతుంటే, గాలివాటుకు తెరచాప తిప్పుకున్నట్టు చేప తన ఒంటి వంపును దానికి సరిపెట్టుకుంటుంది. 2006లో వచ్చిన మరో పరిశోధన ఇంకా విస్మయం కలిగిస్తుంది. ప్రాణం లేని ట్రౌట్‌ను అలాంటి సుడుల్లో ఉంచితే, దాని మెత్తని ఒళ్లు సుడుల తాళానికి వంగుతూ ఎదురు ప్రవాహంలో ముందుకు జరిగింది. కొన్ని కోట్ల ఏళ్ల ఏటి వాసం ఆ ఒంటి వంపులోకి ఎంతగా ఇంకిపోయిందో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు తెలియదు.

కానీ బండలూ సుడులూ మన కృష్ణలోనూ ఉన్నాయి, ట్రౌట్ లేదు. తేడా చలిలో ఉంది.

నా సంచిలో చిన్న థర్మామీటర్ ఉంది. పొద్దున్నే నీళ్లలో ముంచితే 8 డిగ్రీలు చూపించింది. చేతివేళ్లు నిమిషంలో మొద్దుబారాయి. నీరు చల్లబడే కొద్దీ ఎక్కువ ఆక్సిజన్‌ను తనలో దాచుకోగలదు. సముద్రమట్టం దగ్గర 8 డిగ్రీల నీటిలో లీటరుకు దాదాపు 11.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. అదే 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములే. గుషైనీ సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి గాలి ఒత్తిడి తగ్గి, కరిగే ఆక్సిజన్‌లో ఆరో వంతు పోతుంది. అయినా లీటరుకు దాదాపు 10 మిల్లీగ్రాములు మిగులుతుంది. పైగా నది అడుగడుగునా బండల మీద విరిగి నురగై గాలిని కలుపుకుంటూ ఉంటుంది.

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులున్న రైతులకు ఈ లెక్క పుస్తకం చూడకుండానే తెలుసు. మబ్బు పట్టిన రోజున తెల్లవారుజామున బొచ్చెలూ శీలావతులూ పైకి తేలి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటే, ఆక్సిజన్ పడిపోయిందని ఏరేటర్లు వేయడానికి పరుగెత్తుతారు. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదే నాచు పీల్చుకుంటుంది. బొచ్చె కాబట్టి ఆ కటకటను కొన్ని గంటలు ఓర్చుకుంటుంది. మన కొర్రమీనైతే నీళ్లలో ఊపిరి ఆడకపోతే పైకి వచ్చి గాలే పీల్చుకుంటుంది. ట్రౌట్‌కు అలాంటి వెసులుబాటు ఏదీ లేదు. చేపది చల్లని నెత్తురు. నీరు వేడెక్కితే దాని ఒళ్లూ వేడెక్కుతుంది, ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆ అవసరం రమారమి రెట్టింపు. సరిగ్గా అదే వేళకు నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఈ రెండు గీతలూ ఎదురెదురుగా వచ్చి ఢీకొనే చోటు బ్రౌన్ ట్రౌట్‌కు ఇరవై డిగ్రీల పైన మొదలవుతుంది. 25 దగ్గరపడితే ఎక్కువ కాలం బతకదు. 19 దాటకముందే మేత మానడం మొదలుపెడుతుంది.

మధ్యాహ్నం గైడు గాలపు కర్ర పక్కన పెట్టి, "భోజనం చూపిస్తాను రండి" అన్నాడు. నా భోజనం కాదు, చేపది. ఒడ్డువార చీలమండ లోతు నీటిలో అరచేయంత రాయిని మెల్లగా తిరగేశాడు. అడుగున తడి మెరుపులో పది పన్నెండు ప్రాణాలు కదిలాయి. మూడు తోక వెంట్రుకలతో, రాతికి కాగితంలా అతుక్కుని జారుతున్నది మేఫ్లై పిల్ల. దాని కడుపుకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. రెండే తోకలున్న ముదురు గోధుమరంగుది స్టోన్‌ఫ్లై పిల్ల. ఇక మూడోదాన్ని నేను పుల్లముక్క అనుకున్నాను. గోటితో తాకితే పుల్లముక్క చివర నుంచి చిన్న నల్లని తల, ఆరు కాళ్లు బయటికొచ్చాయి. అది కాడిస్‌ఫ్లై పురుగు. నోటి దగ్గర నుంచి పట్టుదారం తీసి, ఇసుక రేణువులను ఒక్కొక్కటిగా నీటి అడుగునే అతికించి తన చుట్టూ గొట్టం కట్టుకుంటుంది. భూతద్దంలో చూస్తే రేణువులు తాపీమేస్త్రీ పేర్చిన రాళ్లలా సందు లేకుండా ఉన్నాయి. తడిలోనే అతికి, తడిలోనే పట్టు వదలని జిగురు అది.

ఈ మూడు రకాలూ ఒకే రాయి కింద కనిపించాయంటే ఆ నీరు శుభ్రంగా ఉన్నట్టే. స్టోన్‌ఫ్లై మరీ సున్నితం, మురుగు కలిస్తే మొదట మాయమయ్యేది అదే. పరీక్షనాళికలు లేకపోయినా రాళ్లు తిరగేసి నది ఆరోగ్యం తెలుసుకునే పద్ధతి ప్రపంచమంతటా ఉంది. మన ఊళ్ల వాగుల్లోనూ బడిపిల్లల చేత చేయించవలసిన పని ఇది.

మేఫ్లై నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైగా నీటి అడుగున బతికి, ఒక సాయంత్రం పైకి తేలి రెక్కలు విప్పుకుంటుంది. తొలకరికి మన వీధిదీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లను తలపిస్తుంది కానీ ఉసిళ్లు చెదల జాతి, వీటికీ వాటికీ చుట్టరికం లేదు. రెక్కలొచ్చిన మేఫ్లైకి పనిచేసే నోరు ఉండదు. తినదు, తాగదు. జతకూడి, గుడ్లు పెట్టి, కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో రాలిపోతుంది. అలా పైకి తేలే వేళ, రాలిపోయే వేళ ట్రౌట్ నీటిపైకి లేచి మింగుతుంది. గాలం వేసేవాడు ఈకలు, దారం, వెంట్రుకలు కొక్కేనికి చుట్టి చేసే 'ఫ్లై' ఆ పురుగుకు నకలు.

ఇంత తేలికైన ఎరను పదిహేను గజాల దూరం విసరడమెలా? ఇక్కడే ఫ్లై ఫిషింగ్ మామూలు గాలం నుంచి విడిపోతుంది. మామూలు గాలం ఒడిసెల లాంటిది. బరువు చివర రాయిలో ఉంటుంది, అదే తాడును లాక్కుపోతుంది. ఫ్లై కర్ర చెర్నాకోల లాంటిది. బరువంతా తాడులోనే ఉంటుంది, కొసన ఏమీ ఉండదు. లావుగా మొదలై కొసకు సన్నబడే ఆ తాడును వెనక్కి చాచి, క్షణం ఆగి, ముందుకు తెస్తే గాలిలో ఒక మెలిక పుట్టి కొస దాకా దొర్లుకుంటూ పోతుంది. తాడు సన్నబడే కొద్దీ కదలాల్సిన బరువు తగ్గుతుంది కాబట్టి, గాలి అడ్డుకున్నా మెలిక వేగం చావదు. చెర్నాకోల ఛెళ్లుమనేది ఇందుకే. దాని కొస శబ్దవేగాన్ని కూడా దాటుతుంది. ఫ్లై తాడు మాత్రం ఛెళ్లుమనకూడదు. అన్నదంటే వెనక క్షణం ఆగడం మరిచారని అర్థం, కొసన ఫ్లై తెగిపోయి ఉంటుంది. మా గైడు చెయ్యి మోచేతి దగ్గర తప్ప కదిలేది కాదు. తాడు నీటి మీద వాలితే చప్పుడే లేదు.

రెండో రోజు పాఠం చూపు గురించి. నేను నిలబడితే చాలు, చేప వెళ్లిపోయేది. నీటిలో ఉన్న కన్నుకు పైలోకం అంతా ఒక గుండ్రని కిటికీలోంచే కనిపిస్తుంది. గాలిలోంచి వచ్చే వెలుగు నీటిలోకి దిగేటప్పుడు వంగడం వల్ల, దిగంతం నుంచి దిగంతం దాకా ఉన్న ఆకాశమంతా సుమారు 97 డిగ్రీల శంకువులోకి కుదించుకుపోతుంది. అడుగు లోతులో ఉన్న చేపకు ఆ కిటికీ వెడల్పు రెండున్నర అడుగుల లోపే. దాని అవతల నీటిపొర అడుగునుంచి అద్దంలా మారి నది గర్భాన్నే తలకిందులుగా చూపిస్తుంది. కిటికీ అంచున, నీటిమట్టానికి పది డిగ్రీల లోపు ఎత్తులో ఉన్నదంతా అణగారి సన్నని చారలా కనిపిస్తుంది. అందుకే మోకాళ్ల మీద వంగి, దూరం నుంచి, వెనక వైపు నుంచి వెళ్లాలి. మాట్లాడుకున్నా పరవాలేదు. గాలిలోని శబ్దంలో వెయ్యో వంతు శక్తి మాత్రమే నీటిలోకి దిగుతుంది. అడుగు గట్టిగా వేయకూడదు. గులకరాళ్ల గరగర నేరుగా నీటిలోకి పోతుంది, చేప లోపలి చెవితో పాటు ఒంటి పక్కన సాగే స్పర్శరేఖ దాన్ని పట్టేస్తుంది.

ఆ సాయంత్రం చేప పడింది. నాకు కాదు, గైడుకు. చేతులు తడుపుకుని, నీటిలోంచి పూర్తిగా తీయకుండా చూపించాడు. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఊడి, చేపకు రోగాలు సోకుతాయట. కాచిన నెయ్యి రంగు పక్కలు, నల్లని చుక్కలు, వాటి మధ్య లేత వలయం చుట్టుకున్న ఎర్రని చుక్కలు. వీపు చివర, తోకకు ముందు, ముల్లు లేని మెత్తని కండ రెక్క ఒకటి. మన జెల్లలకూ అలాంటిది ఉంటుంది. మొప్పలు తెరుచుకున్నప్పుడల్లా లోపల దానిమ్మ ఎరుపు. ములుకు నొక్కేసిన కొక్కెం కావడంతో తేలిగ్గా ఊడింది. తల ఎగువకు తిప్పి పట్టుకున్నాడు. ఐదారు గుక్కలు నీరు మొప్పల్లోంచి పోయాక, ఒక్క తోక విసురుతో చేతిలోంచి జారిపోయింది.

ఈ చేప పుట్టుక హిమాలయాలది కాదు. యూరప్‌ది. అక్కడ ఇదే జాతిలో కొన్ని సముద్రానికి పోయి ఎదిగి, గుడ్లు పెట్టడానికి నదికి తిరిగొస్తాయి. వరద గోదావరికి ఎదురొచ్చే మన పులసది కూడా అదే దారి. అక్కడి నుంచి ఇక్కడి దాకా అది ఈదుకు రాలేదు, మంచులో వచ్చింది. ట్రౌట్ గుడ్డు పొదిగే కాలాన్ని రోజులతో కాదు, వెచ్చదనంతో లెక్కపెట్టాలి. 10 డిగ్రీల నీటిలో సుమారు ఆరు వారాలు పడితే, 5 డిగ్రీల్లో దాదాపు పన్నెండు వారాలు. చలి పెంచితే కాలం సాగుతుంది. గుడ్డులో కళ్లు నల్లని చుక్కల్లా కనిపించే దశ వచ్చాక కుదుపులను కూడా తట్టుకుంటుంది. చలితో కాలం సాగదీయడానికి, తడి నాచు పొరల్లో గుడ్లు పేర్చి, మంచు గదిలో పెట్టి, 1864లో నార్‌ఫోక్ అనే ఓడలో ఇంగ్లండ్ నుంచి భూమధ్యరేఖ దాటించి టాస్మేనియాకు చేర్చారు. అదే దశాబ్దంలో ఫ్రాన్సిస్ డే నీలగిరులకు ట్రౌట్ తేవాలని చేసిన ప్రయత్నం ఫలించలేదు. 1899లో కశ్మీర్‌కు బయల్దేరిన గుడ్లు దారిలోనే పాడయ్యాయి. 1900లో స్కాట్లండ్ నుంచి వచ్చినవి బతికాయి. ఆ కశ్మీర్ సంతతి గుడ్లతోనే 1909లో హోవెల్ అనే అధికారి చొరవతో కులూ లోయలో హేచరీ మొదలైంది. నేను చూసిన చేప తాతముత్తాతలు అవే. రెయిన్‌బో ట్రౌట్ పెంపకం మాత్రం 1980ల చివర్లో పత్లీకుహల్‌లో నార్వే సహకారంతో ఊపందుకుంది. హోటల్ పళ్లెంలోకి వచ్చేది ఎక్కువగా అదే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ నదుల సొంత బిడ్డ వేరే ఉంది. స్నో ట్రౌట్ అని పిలుస్తారు కానీ అది ట్రౌట్ కాదు, మన బొచ్చె, శీలావతుల కుటుంబానిది. రాళ్ల మీది నాచును గీకి తింటుంది. ట్రౌట్ మాంసాహారి, చిన్న చేపలనూ మింగుతుంది. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన వంద పరాయి జాతుల జాబితాలో బ్రౌన్, రెయిన్‌బో ట్రౌట్‌లు రెండూ ఉన్నాయి. వందేళ్లు దాటిన చేపను ఇప్పుడు ఈ నది నుంచి ఏరివేయడం సాధ్యపడే పని కాదు. కానీ ట్రౌట్ లేని పాయల్లో కొత్తగా వదలకుండా ఉండడం మన చేతిలో ఉంది, ఉండాలి కూడా.

నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా ఇక్కడ ట్రౌట్ వేట నిషేధం. ఆ నాలుగు నెలలూ గుడ్లు నది అడుగున ఉంటాయి. ఆడచేప పక్కకు వాలి తోకతో కొట్టి గులకరాళ్లలో గుంట చేస్తుంది, గుడ్లు పెట్టి మళ్లీ రాళ్లు కప్పుతుంది. రాళ్ల సందుల్లోంచి నీరు పారుతున్నంతకాలం గుడ్లకు ఊపిరి. రోడ్డు పనుల మట్టి కొట్టుకొచ్చి ఆ సందులు పూడిపోతే, పైన నది ఎంత తేటగా ఉన్నా గుడ్లు కిందే ఉక్కిరిబిక్కిరై చనిపోతాయి. కొండను తవ్విన మట్టిని నదిలోకి దొర్లించడం చూసినప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది.

తీర్థన్ ఇంకా ఇలా ఉందంటే ఊరికే కాదు. దాని ఎగువ భాగం గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కులో ఉంది. 2014లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పార్కు వెలుపల నది మీద, దాని వాగుల మీద తలపెట్టిన జలవిద్యుత్ ప్రాజెక్టులకు వ్యతిరేకంగా మాజీ శాసనసభ్యుడు దిలేరామ్ శబాబ్, లోయ ప్రజలు పోరాడి గెలిచారు. ఈ నది మీద ప్రాజెక్టులు ఉండవని ప్రభుత్వం ప్రకటించింది.

మూడో రోజు ఎండ బాగా కాసింది. మధ్యాహ్నం రెండింటికి థర్మామీటర్ 12 దగ్గరికి వచ్చింది. పైన కరిగిన మంచు నీరు మా దగ్గరికి చేరేసరికి నాలుగయింది. నీరు ముందు సున్నం కలిపినట్టు మసకబారింది, తర్వాత అంగుళం అంగుళంగా లేచింది. తెల్ల బండ మునగడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో మా చేప బండ వదిలి, మెల్లమెల్లగా ఒడ్డువారకు జరిగి, చెట్టు వేళ్ల కింద నీరు మందగించిన చోటుకు చేరింది. నది పెరుగుతున్న సంగతి దానికి నీటి బరువులో, రంగులో, చప్పుడులో ముందే అందింది.

తిరుగు ప్రయాణంలో తీర్థన్ వెంటే దిగాం. లార్జి దగ్గర అది సైంజ్‌తో పాటు బియాస్‌లో కలుస్తుంది. అక్కడ ఆనకట్ట ఉంది. లార్జి పేరు మన ఇళ్లలో చాలామందికి గుర్తే. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు లార్జికి దిగువన, థలౌట్ దగ్గర నదిలో బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటుండగా గేట్లు ఎత్తి నీళ్లు వదిలారు. మంచు కరిగి వచ్చే వరదలా అది గంటన్నర తీసుకోలేదు. నీరు మసకబారి ముందుగా చెప్పలేదు. 24 మంది పిల్లలు కొట్టుకుపోయారు. బండ మీదికి వెళ్లినప్పుడు నీరు మోకాలి లోతు కూడా లేకపోతే, ఆ నదిని చదవడానికి వాళ్లకు ఏం మిగిలింది?

మా బస్సు ఆ చోటు దాటేసరికి చీకటి పడింది. కిటికీ అద్దం జరిపాను. నది కనపడలేదు. చల్లగాలి తగిలింది, కింద ఎక్కడో నీటి హోరు వినిపించింది. బస్సులో ఇంకా కొన్ని కిటికీలు తెరుచుకున్నాయి.